ఐదు మ్యాచ్‌ల తీర్పు

2013 మే 12న లండన్‌కు దగ్గర్లోని వాట్‌ఫర్డ్‌లో ఒక మ్యాచ్ జరిగింది. ఇంగ్లండ్ రెండో శ్రేణి లీగులో ప్లేఆఫ్ సెమీఫైనల్ అది. ఆట ముగిసే క్షణాల్లో లెస్టర్ సిటీకి పెనాల్టీ దొరికింది. ఆంథనీ నోకార్ట్ కొట్టిన బంతిని వాట్‌ఫర్డ్ గోల్‌కీపర్ ఆపాడు. వెనక్కి వచ్చిన బంతిని మళ్ళీ కొడితే మళ్ళీ ఆపాడు. అర నిమిషం గడవకముందే ఆ బంతి మైదానం అటు కొసకు చేరి లెస్టర్ గోల్‌లో పడింది. ఫుట్‌బాల్ చూసేవాళ్ళంతా ఆ అర నిమిషాన్నే గుర్తుపెట్టుకున్నారు. ఈ అధ్యాయానికి కావలసింది మాత్రం ఆ రోజు లెస్టర్ బెంచి. మొదటి పదకొండు మందిలో చోటు దక్కని ఇద్దరు స్ట్రైకర్లు దాని మీద కూర్చున్నారు.

ఒకడు 26 ఏళ్ళ జేమీ వార్డీ. అంతకుముందు ఏడాదే ఐదో శ్రేణిలో ఆడే ఫ్లీట్‌వుడ్ టౌన్ నుంచి పది లక్షల పౌండ్లు పోసి కొనుక్కొచ్చారు. అక్కడ ఒక్క సీజన్‌లో 31 లీగ్ గోల్స్ కొట్టినవాడు, లెస్టర్‌కు వచ్చాక 26 లీగ్ మ్యాచ్‌ల్లో 4 కొట్టాడు. చిన్న లీగులో మెరిసినవాడు పెద్ద లీగుకు చాలడని అభిమానులు చాలామంది తేల్చేశారు. ఆ మాటలు అతని చెవిన పడ్డాయి. ఫుట్‌బాలే మానేద్దామనుకున్నాడు. మేనేజర్ నైజెల్ పియర్సన్, అతని సహాయకులు నచ్చజెప్పి ఆపారు.

రెండోవాడు 19 ఏళ్ళ హ్యారీ కేన్. టాటెన్‌హామ్ అకాడమీ కుర్రాడు, లోన్ మీద వచ్చాడు. అప్పటికే లేటన్ ఓరియెంట్, మిల్‌వాల్, నార్విచ్ తిరిగొచ్చాడు. లెస్టర్ తరఫున 13 లీగ్ మ్యాచ్‌ల్లో 2 గోల్స్. ఈ కుర్రాడిలో ప్రత్యేకంగా ఏమీ లేదనుకున్నవాళ్ళను తప్పుపట్టడానికి ఆ అంకెల్లో ఆధారం లేదు.

మూడేళ్ళ తరవాత, 2015-16లో, ప్రీమియర్ లీగ్ గోల్స్ పట్టికలో కేన్ 25తో మొదటి స్థానంలో నిలిచాడు. వార్డీ 24తో అతని వెనకే ఉన్నాడు. లీగ్ టైటిల్ లెస్టర్‌కు దక్కింది.

ఈ కథ చెప్పి అభిమానులను నవ్వులపాలు చేయడం సులువు. అది అన్యాయం కూడా. కేన్‌ను ఆర్సెనల్ అకాడమీ ఎనిమిదేళ్ళ వయసులో పంపేసింది. వార్డీని షెఫీల్డ్ వెన్స్‌డే 16 ఏళ్ళప్పుడు చిన్నగా ఉన్నాడని వదిలేసింది. జీతాలిచ్చి పెట్టుకున్న నిపుణులు, టికెట్ కొనుక్కుని వచ్చిన అభిమానులు ఒకే చోట తడబడ్డారంటే, లోపం వాళ్ళ తెలివిలో ఉందనుకోలేం. కళ్ళ ముందున్న ఆధారంలోనే ఏదో చిక్కుంది. ఆ చిక్కు ఏమిటో చూద్దాం.

ఫుట్‌బాల్‌లో గోల్ అరుదు. రెండు జట్లూ కలిసి తొంభై నిమిషాలు పరిగెత్తితే సగటున మూడు గోల్స్ కూడా పూర్తిగా పడవు. దీన్ని మొదట ఓపిగ్గా లెక్కగట్టినవాడు చార్లెస్ రీప్. బ్రిటిష్ వైమానిక దళంలో లెక్కల అధికారి. 1950 మార్చిలో స్విండన్ టౌన్ మ్యాచ్ చూస్తూ, కాగితం పెన్సిలు తీసి దాడులను ఒక్కొక్కటిగా గుర్తించడం మొదలుపెట్టాడు. ఆ అలవాటు జీవితాంతం మానలేదు. 1968లో బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ఆ లెక్కలు ప్రచురించాడు. సుమారు పది షాట్లకు ఒక గోల్ అన్నది అందులో తేలిన ముఖ్య విషయం. రీప్ తన లెక్కల నుంచి పొడుగు పాసుల ఆటే మేలని తీసిన సిద్ధాంతం తరవాత విమర్శకు నిలవలేదు. పదికి ఒకటన్న లెక్క మాత్రం ఈనాటికీ ఇంచుమించుగా నిలిచే ఉంది.

ఇప్పుడు కొత్త స్ట్రైకర్ వచ్చాడనుకుందాం. అతని అసలు సత్తా మ్యాచ్‌కు 0.4 గోల్స్ అనుకుందాం, అంటే రెండున్నర మ్యాచ్‌లకు ఒకటి. మంచి స్ట్రైకరే, 38 మ్యాచ్‌లూ ఆడితే 15 దాకా కొడతాడు. ఇలాంటివాడు మొదటి ఐదు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా కొట్టకపోయే అవకాశం ఎంత? అరుదైన సంఘటనలకు గణితజ్ఞులు వాడే పాయ్‌సన్ సూత్రం ప్రకారం నూటికి 13 పైచిలుకు. అతను మారలేదు, బద్ధకించలేదు, భయపడలేదు. కేవలం యాదృచ్ఛికంగా అలా జరిగింది. లీగులో 20 క్లబ్బులుంటాయి. ఒక్కో క్లబ్బు ఇలాంటి మంచి స్ట్రైకర్‌నే ఒక్కొక్కడిని తెచ్చుకున్నా, ఏటా వాళ్ళలో ఇద్దరో ముగ్గురో ఐదు మ్యాచ్‌ల పాటు ఖాళీ చేతులతో మిగులుతారు. ఆ రెండు మూడు ఊళ్ళలో అభిమానులు డబ్బు దండగైందని బాధపడుతుంటారు.

అటునుంచి కూడా చూడాలి. ఐదు మ్యాచ్‌లకు ఒకే గోల్ కొట్టే సత్తా ఉన్న మామూలు స్ట్రైకర్ మొదటి ఐదు మ్యాచ్‌ల్లోనే మూడో అంతకంటే ఎక్కువో కొట్టే అవకాశం నూటికి 8 ఉంది. వాడి పేరు రాసిన చొక్కాలు దుకాణంలో అయిపోతాయి. మంచివాడిని చెడ్డవాడనుకోవడం, మామూలువాడిని గొప్పవాడనుకోవడం, ఈ రెండు పొరపాట్లకూ మూలం చిన్న నమూనా.

2009 ఏప్రిల్ 5న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఫెడెరికో మకెడా అనే 17 ఏళ్ళ ఇటలీ కుర్రాడు మాంచెస్టర్ యునైటెడ్ తరఫున మొదటిసారి మైదానంలోకి దిగాడు. ఆస్టన్ విల్లాతో 2-2గా ఉన్న ఆటను అదనపు సమయంలో తిరిగి కొట్టిన అందమైన షాట్‌తో గెలిపించాడు. వారం తిరక్కుండా సండర్‌ల్యాండ్ మీద గెలుపు గోల్ కూడా అతని ఒంటికి తగిలే లోపలికి వెళ్ళింది. ఆ వారంలో అతని భవిష్యత్తును అనుమానించినవాడు ఎవరుంటారు? యునైటెడ్‌కు అతను ప్రీమియర్ లీగ్‌లో చేసిన గోల్స్ మొత్తం నాలుగు. పదేళ్ళ ముందు, 1999లో, ఆర్సెనల్‌కు వచ్చిన థియరీ ఆన్రీ మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో గోల్ చేయలేదు. ఆ సీజన్ ముగిసేసరికి 26 కొట్టాడు. చివరికి 228 గోల్స్‌తో ఆ క్లబ్బు చరిత్రలోనే అగ్రస్థానంలో నిలిచాడు.

అయితే ఆన్రీ కథను అడ్డుపెట్టుకుని ఓపిక పడితే అందరూ ఆన్రీలవుతారనడం కూడా తప్పే. గెలిచినవాళ్ళ కథలే మనకు మిగులుతాయి. 2011 జనవరిలో చెల్సీ 5 కోట్ల పౌండ్లతో ఫెర్నాండో టోరెస్‌ను కొన్నది. లివర్‌పూల్‌కు 102 లీగ్ మ్యాచ్‌ల్లో 65 గోల్స్ కొట్టిన మనిషి. చెల్సీలో మొదటి గోల్ పడేసరికి 903 నిమిషాలు గడిచాయి. అతను కోలుకుంటాడని ఎదురుచూసినవాళ్ళు ఆ తరవాత కూడా ఎదురుచూస్తూనే ఉన్నారు. 172 మ్యాచ్‌ల్లో 45 గోల్స్‌తో అతని చెల్సీ రోజులు ముగిశాయి. మోకాలి శస్త్రచికిత్స తరవాత అతని మొదటి అడుగుల వేగం తగ్గిందన్నది అప్పట్లోనే పరిశీలకులు గమనించిన విషయం. అంటే కొందరి ఖాళీ మ్యాచ్‌లు యాదృచ్ఛికం, కొందరివి నిజమైన క్షీణత. రెండూ స్కోరుబోర్డు మీద ఒకేలా కనిపిస్తాయి. వేరుచేయడానికి స్కోరుబోర్డు కాక ఇంకేదైనా కావాలి.

ఈ చిక్కుకు గణితం ఇచ్చిన జవాబుల్లో నాకు చాలా ఇష్టమైనది చార్లెస్ స్టైన్ 1956లో కనిపెట్టినది. ఒకేసారి చాలామంది సత్తాను అంచనా వేయాల్సి వస్తే, ఒక్కొక్కరి అంకెను ఉన్నదున్నట్టు నమ్మడం కంటే అందరి అంకెలనూ ఉమ్మడి సగటు వైపు కొంత జరపడం మేలని ఆయన నిరూపించాడు. బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ దీన్ని 1970 నాటి అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళు 18 మంది మీద పరీక్షించారు. ఒక్కొక్కరి మొదటి 45 ప్రయత్నాలను బట్టి మిగతా సీజన్‌ను ఊహించాలి. సగటు వైపు జరిపిన అంచనాల మొత్తం పొరపాటు, జరపని అంచనాల పొరపాటులో మూడో వంతు కూడా లేదు. రాబర్టో క్లెమెంటే ప్రయత్నానికి సగటున 0.400 హిట్లతో మొదలుపెట్టి మిగతా సీజన్‌లో 0.346కు దిగాడు. ఇందులో దాచకూడని సంగతి ఒకటుంది. ఈ పద్ధతి క్లెమెంటేను 0.300 కంటే కిందికి లాగింది, అంటే నిజంగా అసాధారణమైనవాడికి అన్యాయం చేసింది. అందరి మీదా కలిపి చూస్తే గెలిచే పద్ధతి, ఒక మేధావి దగ్గర ఓడిపోవచ్చు.

దీన్ని మన స్ట్రైకర్‌కు అన్వయిద్దాం. లీగులో స్ట్రైకర్ల సగటు మ్యాచ్‌కు 0.3 అనుకుందాం, ఆ సగటుకు 20 మ్యాచ్‌ల బరువు ఇద్దాం. ఈ 20 నేను ఉదాహరణకు తీసుకున్న అంకె. ఐదు మ్యాచ్‌ల్లో 4 గోల్స్ కొట్టినవాడికి, ఆ 20 మ్యాచ్‌ల 6 గోల్స్ కలిపితే 25 మ్యాచ్‌లకు 10, అంటే 0.4. ఒక్కటీ కొట్టనివాడికి 25 మ్యాచ్‌లకు 6, అంటే 0.24. మైదానంలో ఒకడు దేవుడిగా, ఇంకొకడు దండగగా కనిపించారు. లెక్కలో వాళ్ళ మధ్య తేడా మ్యాచ్‌కు 0.16 గోల్ మాత్రమే. తేడా ఉంది, కాని ఐదు మ్యాచ్‌ల ఆధారం మోయగలిగినంతే ఉంది.

మన మనసు ఇలా జరపదు. పైగా మొదట చూసినదానికి ఎక్కువ బరువు వేస్తుంది. సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1946లో ఒక మనిషి గురించి ఆరు విశేషణాలు చదివి వినిపించాడు. తెలివైనవాడు, కష్టజీవి అని మొదలై మొండివాడు, అసూయాపరుడు అని ముగిసే వరుస ఒక గుంపుకు, అదే వరుసను తలకిందులు చేసి ఇంకో గుంపుకు. మాటలు అవే అయినా, మంచి మాటలు ముందు విన్నవాళ్ళకు ఆ మనిషి మీద మంచి అభిప్రాయం కలిగింది. స్ట్రైకర్ తొలి మ్యాచ్‌లో ఖాళీ గోల్ ముందు బంతిని పైకి తన్నేస్తే, నెల తరవాత అతను కొట్టిన గోల్ అదృష్టంగా కనిపిస్తుంది. తొలి మ్యాచ్‌లో గోల్ కొట్టినవాడి తప్పు దురదృష్టంగా కనిపిస్తుంది.

స్కోరుబోర్డు కాక ఇంకేం చూడాలి? షాట్లు చూడాలి. గోల్స్ కంటే షాట్లు అనేక రెట్లు ఎక్కువ, కాబట్టి అవి త్వరగా నిజం చెబుతాయి. షాట్లన్నీ సమానం కావు. పెనాల్టీలు నాలుగింటిలో మూడు గోల్స్ అవుతాయి. పెనాల్టీ బాక్సు బయటి నుంచి కొట్టినవి నూటికి మూడో నాలుగో అవుతాయి. ఆప్టా సంస్థలో పనిచేసిన శామ్ గ్రీన్ 2012లో ప్రాచుర్యంలోకి తెచ్చిన ఎక్స్‌జీ లెక్క చేసేది ఇదే. ఏ చోటి నుంచి, ఏ కోణంలో, కాలితోనో తలతోనో కొట్టిన షాటో చూసి, గతంలో అలాంటి వేల షాట్లలో ఎన్ని గోల్స్ అయ్యాయో ఆ వంతును దానికి రాస్తారు. ఐదు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ లేకపోయినా ఒకడి షాట్లను కూడితే 2.5 వచ్చిందనుకోండి. వాడు సరైన చోటికి సరైన సమయానికి చేరుతున్నాడు, బంతి ఇంకా లోపలికి పోలేదంతే. ఒక సీజన్‌లో మంచి చోట్ల షాట్లు సంపాదించినవాడు తరవాతి సీజన్‌లోనూ సంపాదిస్తాడు. ఎక్స్‌జీ కంటే ఎక్కువ గోల్స్ కొట్టడం మాత్రం చాలామందికి ఏటికేడు నిలిచే గుణం కాదు. షాట్లే రాకపోతే, లేదా వచ్చినవన్నీ దూరం నుంచి కొట్టినవైతే, అప్పుడు అభిమాని అనుమానపడడం న్యాయమే.

కుర్రాళ్ళ జట్టు దగ్గరికొస్తే చిక్కు ఇంకా లోతైనది. ఇక్కడ యాదృచ్ఛికతకు తోడు కేలండర్ కూడా మోసం చేస్తుంది.

కెనడాలోని లెత్‌బ్రిడ్జ్‌లో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కుటుంబంతో ఐస్ హాకీ మ్యాచ్‌కు వెళ్ళాడు. ఆయన భార్య పౌలా చేతిలోని కార్యక్రమ పత్రంలో ఆటగాళ్ళ పుట్టినరోజులు చూసింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలే ఎక్కువగా ఉన్నాయి. కెనడాలో వయసు గుంపులకు గడువు తేదీ జనవరి 1. జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే గుంపులో ఆడతారు. పెద్దవాడు కాస్త పొడుగు, కాస్త వేగం. వాడిని ఎంపిక చేస్తారు, మంచి కోచ్‌ను ఇస్తారు, ఎక్కువ మ్యాచ్‌లు ఆడిస్తారు. కొన్నేళ్ళకు వాడు నిజంగానే మెరుగైనవాడవుతాడు. బార్న్స్‌లీ దంపతులు 1985లో దీన్ని ప్రచురించారు. తరవాత ఫుట్‌బాల్‌లోనూ అదే బయటపడింది.

ఇది రాశుల ప్రభావమో, ఋతువుల ప్రభావమో అనుకునేవాళ్ళకు బెల్జియం చక్కటి జవాబు. అక్కడి ఫుట్‌బాల్‌లో గడువు తేదీ ఆగస్టు 1గా ఉండేది. అప్పుడు కుర్రాళ్ళ జట్లలో ఆగస్టు నుంచి అక్టోబరు వరకు పుట్టినవాళ్ళు ఎక్కువ. 1997లో తేదీని జనవరి 1కి మార్చారు. వెర్నర్ హెల్సన్ బృందం పరిశీలిస్తే, ప్రతిభావంతులని ఎంపికైనవాళ్ళ పుట్టినరోజులు జనవరి నుంచి మార్చి వైపు జరిగాయి. దేశం అదే, తల్లిదండ్రులు వాళ్ళే, కోచ్‌లు వాళ్ళే. దఫ్తరులో ఒక తేదీ మారితే దేశంలో ప్రతిభ ఉన్న పిల్లలే మారిపోయారు! నేను చదివిన పరిశోధనల్లో నన్ను ఇంతగా కలవరపెట్టినవి తక్కువ.

ఇంగ్లండ్‌లో వయసు గుంపు సెప్టెంబరు 1తో మొదలవుతుంది. హ్యారీ కేన్ పుట్టింది జులై 28న. అంటే తన గుంపులో చిన్నవాళ్ళలో ఒకడు. ఎనిమిదేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా అంటే అప్పటివరకు బతికిన కాలంలో పదో వంతు పైనే. ఆ రోజుల్లో కేన్ కాస్త బొద్దుగా ఉండేవాడని, అథ్లెట్‌లా కనిపించలేదని ఆర్సెనల్ అకాడమీ అధిపతి లియామ్ బ్రేడీ తరవాత చెప్పాడు. పుట్టినరోజు ఒక్కటే కారణమని నేననను. కాని ఒక పిల్లవాడిలో ప్రతిభను చూస్తున్నామనుకుని ఎదుగుదలను చూస్తున్న సందర్భం ఎలా ఉంటుందో దీనికంటే బాగా చూపే ఉదాహరణ నాకు దొరకలేదు.

కుర్రాళ్ళ కప్పుల ఫలితాలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. 1993 ఎఫ్.ఎ. యూత్ కప్ ఫైనల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ తరఫున బెకమ్, స్కోల్స్, గ్యారీ నెవిల్, నికీ బట్ ఆడారు. రెండు మ్యాచ్‌ల్లోనూ లీడ్స్ యునైటెడ్ గెలిచింది, మొత్తం 4-1 తేడాతో. ఆ లీడ్స్ కుర్రాళ్ళలో ఒక్కరూ ఓడిన ఈ నలుగురి స్థాయికి చేరలేదు. ఆ వయసులో గెలుపు ఆ రోజు ఎవరు బలంగా ఉన్నారో చెబుతుంది. ఇరవై అయిదేళ్ళకు ఎవరు ఎక్కడుంటారో చెప్పడం దాని వల్ల కాదు.

ఇప్పుడు కొన్నిచోట్ల దిద్దుబాటు మొదలైంది. బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులతో కలిసి ప్రీమియర్ లీగ్ అకాడమీలు పుట్టిన తేదీ బదులు శరీరం ఎంత ఎదిగిందో చూసి జట్లు కట్టి ఆడించి చూశాయి. బెల్జియం ఆలస్యంగా ఎదిగే కుర్రాళ్ళ కోసం వేరే జాతీయ జట్టునే నడుపుతోంది. బలంతో నెట్టుకురావడానికి అలవాటుపడిన పిల్లలు సమానుల మధ్య పడినప్పుడు ఆట నేర్చుకోవాల్సి వస్తుంది. చిన్నగా ఉన్న పిల్లలకు తమ నేర్పు చూపించే వీలు కలుగుతుంది.

వారానికి తొంభై నిమిషాలు చూసే అభిమానికి లేని ఆధారం, రోజూ సాధన చూసే కోచ్‌కు ఉంటుంది. హైదరాబాద్ ఇందుకు మనకున్న గొప్ప ఉదాహరణ. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంను గుర్తించి తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌కు నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. రెండు జట్లకూ ఆయనే కోచ్, రెండిటిలోనూ బలరాం ఉన్నాడు.

అలాగని అభిమానుల చూపును తీసిపారేయలేం. చాలామంది అంచనాలు కలిస్తే నిజానికి దగ్గరగా రావచ్చు. 1907లో ప్రచురించిన పరిశీలనలో ఫ్రాన్సిస్ గాల్టన్ ప్లిమత్ సంతలో జరిగిన ఎద్దు బరువు పందెం తాలూకు 787 చీటీలు తీసుకుని చూశాడు. మధ్య అంచనా 1,207 పౌన్లు, అసలు బరువు 1,198. జర్మనీ వాళ్ళ ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ వెబ్‌సైటులో అభిమానులు చర్చించి ఆటగాళ్ళకు కట్టే విలువలను థామస్ పీటర్స్ పరిశీలించాడు. జాతీయ జట్ల ఫలితాలను ఊహించడంలో అవి ఫిఫా ర్యాంకుల కంటే మెరుగ్గా ఉన్నాయని 2018లో చూపించాడు. ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ ఆట కోసం ఒక్కో క్లబ్బులో కుర్రాళ్ళ వివరాలను సేకరించేది ఎక్కువగా అక్కడి అభిమానులే. ఎవర్టన్ క్లబ్బు 2008లో ఆ సమాచారాన్ని తమ అన్వేషణకు వాడుకునేందుకు ఒప్పందం చేసుకుంది.

గుంపు తెలివికి ఒక షరతు ఉంది. ఎవరికి వారు విడిగా ఆలోచించాలి. జ్యూరిక్‌లో 144 మంది విద్యార్థులతో చేసి 2011లో ప్రచురించిన ప్రయోగంలో, ఇతరుల జవాబులు తెలియజేయగానే అంచనాలన్నీ ఒకచోటికి చేరాయి. నిజానికి మాత్రం దగ్గర కాలేదు. తమ జవాబు సరైనదన్న నమ్మకం మాత్రం పెరిగింది. స్టేడియంలో ఒక స్టాండు నుంచి మొదలైన కేక అందరి కేకగా మారడం అలాంటిదే. నలభై వేల మంది అరిచారు కదా అని నలభై వేల అభిప్రాయాలు ఉన్నట్టు కాదు.

అందుకే పాఠకులకు నా విన్నపం. మీ జట్టుకు కొత్త స్ట్రైకర్ వచ్చినప్పుడు, గోల్స్ పక్కన బాక్సు లోపలి నుంచి అతను కొట్టిన షాట్లను కూడా ఒక కాగితం మీద గీతలు పెట్టుకుని చూడండి. పది మ్యాచ్‌లైనా అయ్యాక, పక్కవాళ్ళను అడగకుండా మీ తీర్పు మీరు రాసుకోండి. మీ ఊళ్ళో అండర్-12 జట్టును ఎంపిక చేస్తుంటే గడువు తేదీ ఏమిటో, ఎంపికైన పిల్లలు ఏ నెలల్లో పుట్టారో అడిగి తెలుసుకోండి. జనవరి 1 గడువైతే అక్టోబరు, నవంబరు, డిసెంబరు పిల్లలు ఎందరున్నారో లెక్కపెట్టండి. వాళ్ళు లేకపోతే, వెనక్కి పంపిన పిల్లల పేర్లు దాచి ఉంచి, ఏడాది తరవాత వాళ్ళను మళ్ళీ పిలిచి చూడమని కోచ్‌ను గట్టిగా అడగండి.